కారణం అంతుచిక్కని దీర్ఘకాలిక కడుపునొప్పి

మూడు నెలలకు పైగా విడవకుండానో, వచ్చిపోతూనో ఉండే కడుపునొప్పిని వైద్యులు దీర్ఘకాలిక కడుపునొప్పిగా లెక్కిస్తారు. రక్త, మల, మూత్ర పరీక్షలు, స్కానింగ్, అవసరమైనచోట ఎండోస్కోపీ చేసినా పుండు, గడ్డ, రాయి, వాపు ఏవీ కనబడనప్పుడు దానికి ‘కారణం అంతుచిక్కని’ అన్న మాట చేరుతుంది. రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చాక రోగి సాధారణంగా వినే మాట ‘నీకేమీ లేదు’. ఈ బాధ విషయంలో ఇంతకన్నా హాని చేసే మాట లేదు. పరీక్షలకు దొరకనిది అవయవం ఆకారంలో లోపం. నొప్పి మాత్రం ఉన్నదే. పేగు కదలికలోనో, దాని నరాల స్పందనలోనో, ఆ నరాల కబురును మెదడు అందుకునే తీరులోనో మార్పు వస్తే అది స్కానింగు బొమ్మలో పడదు.

ఇలాంటి బాధలు అరుదు కావు. 33 దేశాల్లో 73 వేల మందికి పైగా పెద్దలను విచారించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంటర్నెట్ ద్వారా అడిగినచోట నూటికి 40 మందిలో, ఇంటింటికీ వెళ్లి అడిగినచోట నూటికి 21 మందిలో ఏదో ఒక క్రియాత్మక జీర్ణకోశ రుగ్మత కనబడింది. క్రియాత్మకం అంటే అవయవం చూపుకు బాగానే ఉండి, పనితీరులో తేడా ఉన్నదని అర్థం. భారత గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం 2008లో ప్రచురించిన సర్వేలో సామాన్య జనంలో 4.2 శాతం మందికి ఐబీఎస్ అనే పేగు రుగ్మత ఉన్నట్టు తేలింది. ఈ కుటుంబంలో అది ఒక్కటి మాత్రమే.

కడుపులో బాధను చెప్పడానికి తెలుగులో మాటలకు కొరత లేదు. మెలిపెట్టినట్టు, పిండినట్టు, పొడిచినట్టు, గుచ్చినట్టు, దేవినట్టు, మంట, బరువు, ఉబ్బరం అని రోగి చెప్పే ఒక్కో మాటా వైద్యుడికి ఒక్కో దారి చూపుతుంది. మెలిపెట్టే నొప్పి పేగు వంటి బోలు అవయవం బిగుసుకోవడాన్ని సూచిస్తే, తిన్న కాసేపటికే వచ్చే బరువు జీర్ణాశయం సరిగా సడలకపోవడాన్ని సూచించవచ్చు. ఇప్పుడు ఇవన్నీ ‘గ్యాస్’ అనే ఒక్క మాటలో కలిసిపోయాయి. మందుల షాపులో గ్యాస్ బిళ్ళ అడిగి తెచ్చుకోవడం తేలికైంది గాని, రోగనిర్ధారణకు పనికొచ్చే సమాచారం ఆ ఒక్క మాట వెనక దాగిపోతోంది.

నొప్పి పుట్టే తీరు

చర్మం తెగితే ఎక్కడ తెగిందో వేలితో చూపవచ్చు. పేగు అలా కాదు. దాన్ని కోసినా కాల్చినా నొప్పి తెలియదు. సాగదీసినా, గట్టిగా బిగుసుకున్నా, వాచినా, రక్తం అందకపోయినా తెలుస్తుంది. ఆ తెలియడంలోనూ స్పష్టత ఉండదు. జీర్ణాశయం, కాలేయం, పిత్తాశయం, క్లోమం బాధపడితే నొప్పి రొమ్ము ఎముక కింద తోస్తుంది. చిన్నపేగు బాధ బొడ్డు చుట్టూ, పెద్దపేగు దిగువ భాగం బాధ పొత్తికడుపులో తెలుస్తాయి. అపెండిక్స్ వాపు మొదట బొడ్డు దగ్గర నొప్పిగా వచ్చి, కొన్ని గంటల తర్వాతే కుడివైపు కిందకు దిగేది ఇందువల్లే.

పేగు గోడల్లో 10 కోట్లకు పైగా నరకణాలతో అల్లుకున్న ఒక స్వతంత్ర నాడీవ్యవస్థ ఉంది. మెదడు నుంచి ఆజ్ఞ రాకపోయినా పేగు తనంతట తాను కదలగలదని బేలిస్, స్టార్లింగ్ అనే ఆంగ్ల శాస్త్రవేత్తలు 1899లో చూపారు. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగులోనే తయారవుతుంది. ఈ వ్యవస్థ పంపే కబుర్లలో చాలాభాగం మామూలుగా మన ఎరుకలోకి రాదు. అన్నం అరుగుతోందనీ, గాలి కదులుతోందనీ ఎవరికీ తెలియదు. కొందరిలో ఆ కబుర్లకు తలుపు ఓరగా తెరుచుకుంటుంది. 1973లో రిచీ అనే వైద్యుడు పెద్దపేగు చివర చిన్న బుడగ పెట్టి గాలి ఊది చూసినప్పుడు, ఆరోగ్యవంతుల్లో చాలామందికి నొప్పి అనిపించని స్థాయిలోనే ఐబీఎస్ రోగుల్లో చాలామంది నొప్పి అన్నారు. పేగు సున్నితత్వం పెరగడం అంటే ఇదే. నొప్పి సంకేతాన్ని వెన్నుపాము దగ్గరే పెంచే, తగ్గించే ఏర్పాటు ఉంటుందని 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన సిద్ధాంతం దీనికి వెనకనుంచి బలమిచ్చింది. నిద్రలేమి, భయం, దుఃఖం నొప్పిని ఎందుకు పెంచుతాయో, ఓదార్పు దాన్ని ఎందుకు తగ్గిస్తుందో ఆ సిద్ధాంతంతో అర్థమవుతుంది. మనసుకూ పేగుకూ మధ్య రాకపోకలు రెండు వైపులా ఉంటాయి. ఏళ్ల తరబడి నొప్పి పడినవారు దిగులుపడటంలోనూ ఆశ్చర్యం లేదు.

సున్నితత్వం పెరగడానికి బాగా తెలిసిన కారణాల్లో ఒకటి పాత విరేచనాల జబ్బు. తీవ్రమైన పేగు ఇన్ఫెక్షన్ తగ్గినవారిలో సుమారు పదో వంతు మందికి ఆ తర్వాత నెలల పాటు, ఒక్కోసారి ఏళ్ల పాటు నొప్పి, మలవిసర్జనలో తేడాలు మిగిలిపోతాయి. క్రిములు పోతాయి గాని అవి రేపిన అలజడి నరాల్లో నిలిచిపోతుంది. తెలుగువారు చాలామంది స్థిరపడిన అండమాన్ దీవులకు ఈ విషయం దగ్గరిది. పోర్ట్ బ్లెయిర్‌లో 1983లో ఏర్పడిన భారత వైద్య పరిశోధన మండలి ప్రాంతీయ కేంద్రం దీవుల్లో షిగెల్లా వల్ల వచ్చే జిగట విరేచనాలను, వాటి క్రిములు మందులకు లొంగకపోవడాన్ని ఏళ్ల తరబడి పరిశీలించింది. కాబట్టి కడుపునొప్పితో వచ్చినవారిని, అది మొదలవడానికి ముందు జిగట విరేచనాలు గాని, కలుషితమైన నీళ్లు తాగిన సందర్భం గాని ఉందా అని అడగడం తప్పనిసరి.

పెద్ద విపత్తులు కూడా పొట్టలో గుర్తులు వదులుతాయి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత అండమాన్ సహాయ శిబిరాల్లో పనిచేసిన బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు, ఇళ్లు పోగొట్టుకున్నవారిలో దిగులు, భయాలతో పాటు కారణం దొరకని ఒంటి బాధలనూ చూశారు.

పేర్లు, చరిత్ర

పాత వైద్య గ్రంథాలకు ఈ నొప్పి తెలుసు. మాధవ నిదానం శూలలను వివరిస్తూ, తిన్నది అరిగే వేళకు వచ్చే నొప్పిని పరిణామ శూల అని వేరుచేసింది. చరక సంహితలో గ్రహణికి ఒక అధ్యాయమే ఉంది. ఒకసారి బిగిసి, ఒకసారి వదులై, అరగని మలంతో సాగే ఆ జబ్బు వర్ణనకు నేటి ఐబీఎస్‌తో చాలా పోలికలున్నాయి. రెండూ ఒకటేనని చెప్పడం తొందరపాటే. గ్రహణి అన్న పేరు కింద నాటి వైద్యులు ఈనాడు వేరువేరుగా తెలిసిన అనేక జబ్బులను కలిపి చూసి ఉండాలి.

అలాంటి వాటిలో స్ప్రూ ఒకటి. నూరేళ్ల కిందట దక్షిణ భారతంలో కడుపు ఉబ్బరం, విరేచనాలు, క్షీణతతో మనుషులను మింగిన ఈ జబ్బుకు అప్పట్లో కారణమూ తెలియదు, మందూ తెలియదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు ఇద్దరు దానికే బలయ్యారు. ఆయనకూ వస్తే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. స్ప్రూ రోగులకు అది వరమైంది. కారణం తెలియని జబ్బు అన్నది ఆనాటి విజ్ఞానం మీద రాసిన చీటీ అని తెలుగువారికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. పుండు నొప్పిని తలపించే పరిణామ శూల కథ కూడా ఇలాగే మలుపు తిరిగింది. మసాలాల వల్ల, చింతల వల్ల వస్తుందనుకున్న జీర్ణాశయపు పుండు వెనక హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా ఉన్నదని 1980ల మొదట్లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ కనుగొన్నారు. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు వాడుకలో ఉన్న వర్గీకరణను రోమ్ ప్రమాణాలు అంటారు. 2016లో వచ్చిన నాలుగో రూపం ప్రకారం, గడిచిన మూడు నెలల్లో వారానికి కనీసం ఒక రోజు నొప్పి ఉండి, మలవిసర్జనతో అది పెరగడమో తగ్గడమో, విరేచనాల సంఖ్య మారడమో, మలం గట్టిదనం మారడమో, ఈ మూడింటిలో రెండైనా తోడైతే అది ఐబీఎస్. బాధ మొదలై ఆరు నెలలైనా గడిచి ఉండాలి. పై కడుపులో నొప్పి, మంట, కొంచెం తినగానే నిండిపోవడం ప్రధానమైతే అది క్రియాత్మక అజీర్తి. తిండితో, విసర్జనతో, నెలసరితో సంబంధం లేకుండా దాదాపు నిరంతరం ఉండే నొప్పి మూడో రకం. దీనిలో పేగుకన్నా మెదడు, వెన్నుపాముల పాత్ర పెద్దది. ఈ మూడు రకాల్లో ఎక్కువ బాధపడేది, ఎక్కువ ఆసుపత్రులు తిరిగేది ఈ మూడో రకం రోగులే. ఈ ప్రమాణాలతో వచ్చిన పెద్ద మేలు ఏమిటంటే, క్రియాత్మక రుగ్మతను అన్ని పరీక్షలూ అయిపోయాక మిగిలిన శేషంగా కాక, లక్షణాలను బట్టి ముందే గుర్తుపట్టగల జబ్బుగా నిలబెట్టడం.

మరుగున ఉండే కారణాలు

పేరు పెట్టే ముందు కొన్ని జబ్బులు లేవని తేల్చుకోవాలి. కారణం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం లేదా నల్లటి మలం, రక్తహీనత, సాయంకాలపు జ్వరం, కామెర్లు, ఆగని వాంతులు, మింగడంలో కష్టం, గాఢనిద్రలోంచి లేపే నొప్పి, చేతికి తగిలే గడ్డ, 50 ఏళ్లు దాటాక తొలిసారి మొదలైన బాధ, దగ్గరి రక్తసంబంధీకుల్లో పేగు క్యాన్సర్. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా క్రియాత్మకం అన్న మాట పక్కన పెట్టి వెతకాలి.

భారతదేశంలో ఆ వెతుకులాట క్షయతో మొదలవుతుంది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు ఈ దేశంలోనే ఉన్నారు. చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట క్షయ చేరితే దగ్గు లేకుండానే నెలల తరబడి కుడివైపు పొత్తికడుపు నొప్పి, ఉబ్బరం, సన్నబడటం కనబడతాయి. క్రోన్స్ జబ్బు కూడా అదే చోట, అదే తీరుగా వస్తుంది. ఎండోస్కోపీలో చూసినా రెండింటినీ విడదీయడం అనుభవజ్ఞులకే కష్టం. పై కడుపులో మొదలై వీపులోకి పాకి, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తెరిపినిచ్చే నొప్పి క్లోమం వాపుకు గుర్తు. మద్యం తాగేవారిలో దాన్ని మొదట అనుమానించాలి. పాలు తాగిన గంటా రెండు గంటల్లో ఉబ్బరం, నొప్పి వచ్చేవారికి పాలచక్కెర అరగడం లేదని అర్థం. దక్షిణ భారత పెద్దల్లో ఇది చాలా మామూలు. వీరిలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి. నులిపురుగులు, కొంకిపురుగులు, జియార్డియా, అమీబా మల పరీక్షలో దొరుకుతాయి. ఒక్క నమూనాలో దొరకకపోతే మూడు చూడాలి.

కొన్ని కారణాలు నేలను బట్టి ఉంటాయి. ఎముకలను వంచే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొట్టమొదట 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించారు. తర్వాత నల్లగొండ పేరు దానితో ముడిపడింది. ఫ్లోరైడు ఎక్కువైన నీరు ఎముకలకన్నా ముందే జీర్ణాశయం లోపొరను దెబ్బతీసి వికారం, కడుపునొప్పి కలిగించవచ్చు. నీరు మారిస్తే బాధ తగ్గుతుంది. సీసం కలిసిన రసౌషధాలు వాడినవారిలో తీవ్రమైన మెలితిప్పు నొప్పి, మలబద్ధకం వస్తాయి. అందుకే ఏ నాటుమందు వాడారో రోగి సిగ్గుపడకుండా చెప్పేలా అడగాలి. ఒళ్లునొప్పులకు రోజూ వేసుకునే డైక్లోఫెనాక్ వంటి బిళ్లలు పుండు చేస్తాయి. వలలు లాగే, బరువులు మోసే వృత్తుల్లో ఈ అలవాటు ఎక్కువ.

బాగా తరచుగా మరిచిపోయే కారణం పొట్ట లోపల లేదు, పొట్ట గోడలో ఉంది. కండరాల మధ్యనుంచి చర్మానికి వచ్చే సన్నటి నరం నొక్కుకుపోతే, వేలి కొనతో చూపగలిగినంత చిన్న చోట ఎడతెగని నొప్పి ఉంటుంది. ఫిలడెల్ఫియా శస్త్రవైద్యుడు కార్నెట్ 1926లో దీనికి ఒక పరీక్ష చెప్పాడు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి నొప్పి ఉన్న చోట వేలితో నొక్కి, అలాగే ఉంచి తల, భుజాలు పైకి లేపమనాలి. బిగిసిన కండరం లోపలి అవయవాలను కాస్తుంది కాబట్టి నొప్పి లోపలిదైతే తగ్గుతుంది. గోడలోదైతే అలాగే ఉంటుంది, లేదా పెరుగుతుంది. ఆ చోటులోనే మత్తుమందు సూది వేస్తే చాలామందికి నిమిషాల్లో ఉపశమనం కలుగుతుంది. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష చేయకపోవడం వల్ల ఎన్నో స్కానింగులు, ఎండోస్కోపీలు వృథా అవుతున్నాయి.

స్త్రీలు, శస్త్రచికిత్సలు

స్త్రీలలో నెలసరితో పెరిగే పొత్తికడుపు నొప్పికి ఎండోమెట్రియోసిస్ ముఖ్య కారణం. గర్భసంచి లోపలి పొరవంటి కణజాలం బయట చోట్ల పెరగడం వల్ల వచ్చే ఈ జబ్బు మామూలు స్కానింగులో తరచూ తప్పించుకుంటుంది. పేరు దొరకడానికే ఏళ్లు పడుతుంది. ‘ఆడవాళ్లకు ఆ మాత్రం నొప్పి ఉంటుంది’ అనే మాట ఆ ఏళ్లను ఇంకా పొడిగిస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో సమస్య ఉంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. 2019–21 సర్వేలోనూ ఈ రెండు రాష్ట్రాలే ముందున్నాయి. అధిక రక్తస్రావం, కణితుల వంటి న్యాయమైన కారణాలు వీటిలో చాలా ఉన్నాయి. కాని పొత్తికడుపు నొప్పి, తెల్లబట్ట చెప్పగానే, పిల్లలు పుట్టేశారు కదా అని చేసినవీ ఉన్నాయి. నొప్పి పేగుదో, పొట్ట గోడదో అయినప్పుడు గర్భసంచి తీసినా అది పోదు. పైగా అండాశయాలు కూడా తీస్తే ముప్ఫై అయిదేళ్లకే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారే ముప్పు వచ్చిపడుతుంది. ఐబీఎస్ ఉన్నవారికి గర్భసంచి, పిత్తాశయం, అపెండిక్స్ ఆపరేషన్లు ఇతరులకన్నా ఎక్కువగా జరుగుతాయని పాశ్చాత్య దేశాల అధ్యయనాలూ చెబుతున్నాయి. నొప్పి లేనివారి స్కానింగులోనూ పిత్తాశయంలో రాళ్లు కనబడటం మామూలే. రాయి కనబడింది కాబట్టి నొప్పి దానిదే అనడానికి వీల్లేదు. ప్రతి కోతా లోపల అతుకులు వేయవచ్చు, ఆ అతుకులు కొత్త నొప్పికి కారణం కావచ్చు. కారణం తేలని కడుపునొప్పికి ‘తెరిచి చూద్దాం’ అనేది చికిత్స కాదు.

నిర్ధారణ: దీవుల్లో

అండమాన్ నికోబార్ జనాభాలో 2011 లెక్కల ప్రకారం తెలుగు మాట్లాడేవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకు, పనులకు వెళ్లి స్థిరపడినవారి కుటుంబాలు వీరిలో చాలా ఉన్నాయి. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, మిడిల్ పాయింట్ వంటి పేటలవారికి గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి దగ్గరే. సెల్యులార్ జైలు ప్రాంగణంలో 1963లో వెలసిన ఈ ఆసుపత్రికి 2015లో వైద్య కళాశాల తోడైంది. ఉత్తరాన డిగ్లీపూర్ నుంచి రావాలంటే 300 కిలోమీటర్లకు పైగా రోడ్డు. ఇక్కడ తేలనిదాన్ని మెయిన్‌ల్యాండ్‌కు రెఫర్ చేస్తారు. చెన్నై గాని విశాఖ గాని సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో దాదాపు మూడు రోజుల ప్రయాణం, విమానంలో రెండు గంటలు. వేటకు వెళ్లని రోజుల కూలి, తోడు వచ్చేవారి ఖర్చు, ఊరుకాని ఊళ్లో బస కలిపితే ఒక ఎండోస్కోపీ ధర దాని అసలు ధరకు ఎన్నో రెట్లవుతుంది.

ఈ దూరం వల్ల పరీక్షల వరుసకు విలువ పెరుగుతుంది. మొదట చేయవలసినవి దీవిలోనే అయ్యేవి. శ్రద్ధగా విన్న రోగచరిత్ర, పొట్ట మీద వైద్యుడి చెయ్యి, కార్నెట్ పరీక్ష, రక్త కణాల లెక్క, వాపును సూచించే ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ, చక్కెర, థైరాయిడ్, కాలేయ పరీక్షలు, మూడు మల నమూనాలు, మూత్రం, అల్ట్రాసౌండ్. హెలికోబాక్టర్‌ను మలంలో పరీక్షించవచ్చు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పదార్థం మామూలుగా ఉంటే పేగులో వాపు ఉండే అవకాశం బాగా తక్కువ. ప్రమాద సంకేతాలు లేని నలభై ఏళ్లలోపు మనిషిలో ఇవన్నీ సరిగ్గా ఉంటే, లక్షణాలు రోమ్ ప్రమాణాలకు సరిపోతే, అక్కడే పేరు పెట్టి చికిత్స మొదలుపెట్టడం న్యాయం. ఓడ ఎక్కవలసింది ప్రమాద సంకేతం ఉన్నవారు, మొదటి చికిత్సలకు లొంగనివారు. అలా వెళ్లేవారు పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టి వెంట తీసుకువెళ్తే, కొత్త ఆసుపత్రిలో అవే పరీక్షలు మళ్లీ చేయించుకునే బాధ తప్పుతుంది. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ, విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి చోట్లకు వెళ్లేవారికి భాష కూడా కలిసివస్తుంది. తన బాధను తన మాటల్లో చెప్పుకోగలగడం ఈ జబ్బులో సగం నిర్ధారణ.

నాలుగు వారాల పాటు రాసిన చిన్న పుస్తకం ఎన్నో పరీక్షల పెట్టు. నొప్పి ఏ వేళ వచ్చింది, పదికి ఎంత, ముందు ఏం తిన్నారు, విసర్జన ఎలా ఉంది, నెలసరి ఎప్పుడు, నిద్ర ఎంత, ఏ బిళ్ల వేసుకున్నారు అన్నవి చాలు. చదువు రానివారికి ఇంట్లో పిల్లలు రాసిపెట్టవచ్చు.

చికిత్స

మొదటి మందు వివరణ. పేగు నరాలు అతిగా స్పందిస్తున్నాయనీ, ఇది క్యాన్సర్‌గా మారేది కాదనీ, నొప్పి పూర్తిగా మాయం కాకపోయినా బతుకును మింగకుండా చేయవచ్చనీ రోగికీ ఇంటివారికీ అర్థమయ్యేలా చెప్పాలి. ఒకే వైద్యుడు, ముందే అనుకున్న తేదీల్లో, నొప్పి ఉన్నా లేకపోయినా చూస్తూ ఉండటం మంచి ఫలితాలిస్తుంది. నొప్పి ఎక్కువైన రాత్రి కొత్త డాక్టరు దగ్గరకు పరుగెత్తడం, ఆయన కొత్త స్కాన్ రాయడం అనే చక్రం అలా తెగుతుంది.

ఆహారం విషయంలో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2005 ప్రాంతంలో రూపొందించిన పద్ధతికి ఆధారాలు ఎక్కువ. చిన్నపేగులో సరిగా పీల్చుకోబడక, పెద్దపేగులో పులిసి గాలి పుట్టించే కొన్ని చక్కెరలను తగ్గించడం దాని సారం. తెలుగు వంటింట్లో అవి ముఖ్యంగా ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, ఎక్కువ మోతాదులో పప్పులు, పాలు, మామిడి, పుచ్చకాయ. వరి అన్నం, చేప, గుడ్డు, బీర, దోస, అల్లం, జీలకర్ర, కరివేపాకు సాధారణంగా బాధించవు. అన్నం, చేప మీద బతికే తీరపు ఇంట్లో ఈ మార్పు అంత కష్టం కాదు. పులుసులో ఉల్లి, వెల్లుల్లి తగ్గించడమే పెద్ద పని. నాలుగు నుంచి ఆరు వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి కలుపుకుంటూ ఏది పడదో తెలుసుకోవాలి. జీవితాంతం అన్నీ మానేయడం తప్పు. ఆ దారిలో పోషకాహార లోపం వస్తుంది. మలబద్ధకం ఉన్నవారికి ఇసబ్గోల్ మేలు చేస్తుంది. గోధుమ తవుడు కొందరిలో ఉబ్బరాన్ని పెంచుతుంది.

మందుల్లో పేగు బిగువును సడలించే డ్రోటావెరిన్, డైసైక్లోమిన్, మెబెవెరిన్, పెప్పర్‌మింట్ నూనె క్యాప్సూళ్లు మెలిపెట్టే నొప్పికి పనిచేస్తాయి. హెలికోబాక్టర్ ఉంటే పూర్తి కోర్సు వాడాలి. ప్యాంటప్రజోల్ వంటివి పై కడుపు మంటకు ఉపయోగమే గాని బొడ్డు కింద నొప్పికి ఏమీ చేయవు; నొప్పి ఎక్కడున్నా పొద్దున్నే పరగడుపున అదే బిళ్ల ఏళ్ల తరబడి మింగడం అలవాటుగా మారింది. ఎడతెగని నొప్పికి తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ మంచిది. దిగులుకు వాడే మోతాదులో కొద్దిభాగం, రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఇంగ్లండులో 463 మంది ఐబీఎస్ రోగులపై జరిపి 2023లో ప్రచురించిన పరీక్షలో, ఆరు నెలల తర్వాత ఈ మందు తీసుకున్నవారికే ఎక్కువ మేలు కనబడింది. నోరెండటం, మత్తు, మలబద్ధకం దాని ఇబ్బందులు. చీటీలో దీని పేరు చూసి ‘పిచ్చి మందు’ ఇచ్చారని మానేసేవారున్నారు. నరాల నొప్పి కబురును తగ్గించడానికి ఇస్తున్నామని వైద్యుడు ముందే చెబితే ఈ నష్టం జరగదు. ట్రమడాల్ వంటి నల్లమందు జాతి మందులు దీర్ఘకాలం వాడకూడదు. పేగును మొద్దుబార్చి, కొన్నాళ్లకు నొప్పినే పెంచుతాయి.

ఆలోచనల తీరును మార్చే చికిత్స, పేగుపై గురిపెట్టిన హిప్నోథెరపీ మందులతో సమానంగా నిలిచాయి. రెండోదానిపై తొలి ప్రసిద్ధ పరీక్షను 1984లో మాంచెస్టర్ వైద్యుడు వోర్‌వెల్ బృందం ప్రచురించింది. ఇవి అందనిచోట రోజూ నడక, నెమ్మదిగా పొట్టతో ఊపిరి తీయడం, వేళకు నిద్ర కొంతవరకు ఆ పని చేస్తాయి.

‘కడుపునొప్పి తాళలేక’ అన్న మాటలతో మొదలయ్యే ఆత్మహత్య వార్తలు తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో తరచూ వస్తాయి. ఆ మాటల వెనక ఏళ్ల నొప్పి, అప్పులు, ‘నీకేమీ లేదు’ అని విని విని మిగిలిన ఒంటరితనం ఉండవచ్చు. జాతీయ నేర గణాంకాల్లో అండమాన్ నికోబార్ ఆత్మహత్యల రేటు దేశంలోకెల్లా ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి. 2022లో లక్షకు 42.8, దేశ సగటు 12.4. దీర్ఘకాలపు నొప్పి ఉన్న ప్రతి రోగినీ బతకాలని లేదన్న తలపు వస్తోందా అని నేరుగా, ఆదరంగా అడగాలి. అలా అడగడం వల్ల ఆ తలపు పుట్టదు. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడుతుంది.

పిల్లల్లో

బ్రిటిష్ శిశువైద్యుడు జాన్ ఆప్లే, సహపరిశోధకురాలు నోరా నైష్‌తో కలిసి బ్రిస్టల్‌లో 1,000 మంది బడిపిల్లలను చూసి 1958లో ప్రచురించిన పరిశీలనలో, సుమారు పది మందిలో ఒకరికి పదేపదే వచ్చే కడుపునొప్పి ఉంది. వారిలో అవయవ లోపం దొరికినవారు చాలా కొద్దిమంది. నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే లోపం దొరికే అవకాశం అంత ఎక్కువ అన్న ఆయన సూత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు. పరీక్షల ముందు, బడి మారినప్పుడు, ఇంట్లో గొడవలప్పుడు వచ్చే నొప్పి నటన కాదు. పిల్లవాడిని బడి మాన్పించకపోవడం, నొప్పి గురించి గంటగంటకూ అడగకపోవడం, నొప్పి లేని వేళల్లో కూడా అంతే శ్రద్ధ చూపడం బాగా పనిచేస్తాయి. పొట్టపై వాతలు పెట్టే పాత అలవాటు కొన్ని ఏజెన్సీ పల్లెల్లో ఇంకా ఉంది. అది పుండ్లు, ఇన్ఫెక్షన్ తప్ప ఏమీ ఇవ్వదు. బరువు, ఎత్తు పెరగని బిడ్డను మాత్రం వెంటనే పూర్తిగా పరీక్షించాలి.

వ్యాధి గతి

సరైన ప్రమాణాలతో క్రియాత్మకమని ఒకసారి తేల్చిన నొప్పి వెనక, ఆ తర్వాతి ఏళ్లలో వేరే పెద్ద జబ్బు బయటపడేది కొద్దిమందిలోనే. నొప్పి పోటూపాటుల్లా వస్తూ పోతూ ఉంటుంది. కొందరిలో సంవత్సరాల తరబడి ఊసే లేకుండా పోతుంది. ఇన్ఫెక్షన్ తర్వాత మొదలైనవాటిలో సుమారు సగం కొన్నేళ్లలో తమంతట తామే తగ్గుతాయి. పాత నొప్పే కదా అని ఊరుకోకూడని సందర్భం ఒకటుంది. ఉన్న చోటు, వేళ, తీరు మార్చుకుని నొప్పి కొత్తగా వస్తే, లేదా పైన చెప్పిన ప్రమాద సంకేతాల్లో ఒకటి తోడైతే, పాత పేరును పక్కనపెట్టి మొదటినుంచి చూడాలి.